మార్గరెట్ ఆలిఫంట్‌ను చదవాలా? చదివితే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బ్రాంటీ అక్కచెల్లెళ్లను, జార్జ్ ఎలియట్‌ను చదివేశారు. అదే విక్టోరియా కాలంలో రాసిన, ఇప్పుడు అంతగా పేరు వినపడని రచయిత్రి ఒకరిని ఎం.ఏ. ప్రాజెక్టుకు తీసుకోవాలనుకుంటున్నారు. మార్గరెట్ ఆలిఫంట్ పేరు కంటపడింది. ఈలోపు ఎవరో "తొంభైకి పైగా నవలలు రాసింది, అన్నీ డబ్బు కోసమే" అన్నారు. దాంతో వెనకాడుతున్నారు.

వెనకాడకండి, తీసుకోండి. ముందు 'హెస్టర్' (1883), తర్వాత 'మిస్ మార్చ్‌బ్యాంక్స్' (1866), ఆ రెండూ అయ్యాక ఆవిడ ఆత్మకథ. ఈ వరస ఎందుకో కింద చెబుతాను. డబ్బు కోసం రాసిందన్న మాట నిజమే, ఆవిడ ఎన్నడూ దాచలేదు కూడా. అయితే చాలా ఏళ్లుగా పీజీ క్లాసుల్లో పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ నవల చెబుతున్న మనిషిగా నా అభిప్రాయం వేరు. ఆవిడ రచనల్లో గొప్పవి ఆ డబ్బు అవసరంలోంచే పుట్టాయి. ఇంట్లో సంపాదించే మనిషి ఆడదై, మిగతావాళ్లంతా ఆమె మీద ఆధారపడి బతుకుతుంటే ఆ ఇంట్లో మాటలు ఎలా నడుస్తాయి, మర్యాదలు ఎలా మారతాయి, కృతజ్ఞత ఎంత తొందరగా విసుగ్గా మారుతుంది అన్నది ఆ కాలపు ఇంగ్లిష్ నవలల్లో ఆవిడంత దగ్గరగా చూసి రాసినవాళ్లు నాకు తగల్లేదు.

జీవితం కొంచెం తెలియాలి. ఆవిడ విషయంలో అది లేకపోతే రచన సగమే అర్థమవుతుంది.

1828లో స్కాట్లాండ్‌లో, ఎడిన్‌బరాకు దగ్గర్లోని వాలీఫర్డ్‌లో పుట్టింది. తండ్రి గుమాస్తా. పదేళ్ల వయసులో కుటుంబం లివర్‌పూల్‌కు మారింది. తల్లికి జబ్బు చేసినప్పుడు మంచం పక్కన కూర్చుని పొద్దుపోవడానికి రాయడం మొదలుపెట్టిన అమ్మాయి, 21 ఏళ్లకే 1849లో మొదటి నవల అచ్చులో చూసుకుంది. దానికి 150 పౌన్లు ముట్టాయి. రాసుకోవడానికి ఆవిడకు గది కాదుగదా, విడిగా బల్ల కూడా లేదు. ఇంట్లోవాళ్లంతా కూర్చునే బల్లకు ఒక మూల నోటుపుస్తకం పెట్టుకుని, పక్కన కబుర్లు, కుట్టుపని నడుస్తుండగానే, తాను చొక్కా కుడుతున్నంత మామూలుగా రాసేదాన్నని ఆత్మకథలో చెప్పుకుంది. జీవితమంతా అదే తీరు. అందరూ పడుకున్న తర్వాతి రాత్రివేళ తప్ప, ఎవరూ కదిలించకుండా రెండు గంటలు దొరికిన సందర్భమే లేదంటుంది.

1852లో వరసకు బావ అయిన ఫ్రాంక్ ఆలిఫంట్‌ను పెళ్లాడింది. అతను చర్చి కిటికీలకు రంగుటద్దాలు చేసే చిత్రకారుడు. లండన్ పార్లమెంటు భవనం కిటికీల పనిలోనూ అతని చెయ్యి ఉంది. పెళ్లిరోజునే 'బ్లాక్‌వుడ్స్ మ్యాగజైన్' నుంచి 'కేటీ స్టువర్ట్' ప్రూఫులు వచ్చాయి. ఆ పత్రికతో సంబంధం ఆవిడ చనిపోయేదాకా, అంటే 45 ఏళ్లపాటు, తెగలేదు.

తర్వాత దెబ్బ మీద దెబ్బ. పసిపిల్లలు పోయారు. భర్తకు క్షయ. 1859 జనవరిలో ఇటలీ వెళ్లారు. బతకడని డాక్టర్ చెప్పిన సంగతి అతను భార్య దగ్గర దాచాడు. ఆ పత్రిక నడిపే బ్లాక్‌వుడ్ నెలకు 20 పౌన్ల చొప్పున పంపితే, బదులుగా ఆవిడ వ్యాసాలు రాసి పంపేది. ఇల్లు నడిచింది ఆ డబ్బుతోనే. అక్టోబర్‌లో రోమ్‌లో అతను పోయాడు. అప్పుడావిడ నిండు గర్భిణి, మరో ఇద్దరు పిల్లలు, మీద దాదాపు వెయ్యి పౌన్ల అప్పు. డిసెంబర్‌లో మూడో బిడ్డ పుట్టాడు.

ఇక్కడొక ఘట్టం ఉంది, క్లాసులో ఎప్పుడూ ఆగి చెబుతాను. ఇంగ్లండ్‌కు తిరిగొచ్చాక పత్రికలకు పంపినవి వరసగా తిరిగొస్తున్నాయి. ఎడిన్‌బరాలో బ్లాక్‌వుడ్ సోదరుల ఆఫీసుకు తనే వెళ్లి, ఒక సీరియల్ రాసిస్తానని అడిగింది. వాళ్లు మర్యాదగానే తల అడ్డంగా ఊపారు. ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా బయటికి వచ్చి, ఫెటీస్ రో అనే వీధిలోని ఇంటికి నడుచుకుంటూ వెళ్లింది. పిల్లలతో ఎప్పటిలాగే ఆడి, వాళ్లను పడుకోబెట్టి, ఆ రాత్రే కూర్చుని దాదాపు తెల్లవారేదాకా రాసింది. కార్లింగ్‌ఫర్డ్ అనే కల్పిత ఊరి చుట్టూ అల్లిన 'కార్లింగ్‌ఫర్డ్ కథలు' అనే వరసలో మొదటి కథ అలా పుట్టింది. 1861లో అదే పత్రికలో వచ్చింది. ఆ వరసలోని 'సేలం చాపెల్' రచయిత పేరు లేకుండా వస్తుంటే, ఇది జార్జ్ ఎలియట్ రాసిందేమో అని పాఠకుల్లో కొందరు ఊహించారు. ఆ తర్వాతి 'పర్పెచువల్ క్యూరేట్'కు బ్లాక్‌వుడ్ 1500 పౌన్లు ఇచ్చాడు.

డబ్బు వచ్చింది. దానికి తగ్గట్టే తినే నోళ్లూ పెరిగాయి. 1864లో మళ్లీ రోమ్ వెళ్తే పదేళ్ల కూతురు మ్యాగీ జ్వరంతో అక్కడే పోయింది, తండ్రి పక్కనే పూడ్చారు. కొడుకులిద్దరినీ ఈటన్ అనే పేరున్న స్కూల్లో చదివించాలని విండ్సర్‌లో కాపురం పెట్టింది. 1868లో అన్న ఫ్రాంక్ (భర్త పేరూ అదే) దివాళా తీశాడు, అతని పిల్లల బాధ్యత ఈవిడ మీద పడింది. కొన్నాళ్లకు ఆ అన్నా ఈ ఇంట్లోనే చేరాడు. ఇంకో అన్న విల్లీ తాగుడికి బానిసై పాదిరీ ఉద్యోగం పోగొట్టుకున్నవాడు, అతన్ని రోమ్‌లో చివరిదాకా ఈవిడే పోషించింది. అన్న ఫ్రాంక్ కొడుకు, ఇతని పేరూ ఫ్రాంకే, ఆ మేనల్లుణ్ని ఇంజినీరుగా చదివిస్తే, ఉద్యోగం మీద ఇండియాకు వచ్చి 1879లో ఇక్కడే చనిపోయాడు. కొడుకులిద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరూ ఎక్కడా నిలదొక్కుకోలేదు. పెద్దవాడు 1890లో, చిన్నవాడు 1894లో పోయారు. పిల్లలందరినీ పోగొట్టుకుని ఆవిడ 1897 జూన్ 25న, విక్టోరియా రాణి వజ్రోత్సవం జరిగిన మూడు రోజులకు, వింబుల్డన్‌లో కన్నుమూసింది.

ఇప్పుడు మీ అసలు సందేహం: అంత రాస్తే నాణ్యత ఉంటుందా?

ఒకే స్థాయిలో ఉండదు. అది ముందే తెలుసుకుని చదవండి. దీనికి కారణం ఆవిడ స్వభావంలో కంటే అప్పటి పుస్తక వ్యాపారంలో వెతకాలి. కొత్త నవల అంటే మూడు సంపుటాలు, ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు. మామూలు మనుషులు కొనగలిగే ధర కాదు. అందరూ మ్యూడీ లాంటి అద్దె లైబ్రరీలకు ఏడాదికి ఒక గినీ (21 షిల్లింగులు) కట్టి తెచ్చుకుని చదివేవారు. లైబ్రరీలకు మూడు సంపుటాలు కావాలి, ఒక్కో సంపుటం ఒక్కో పాఠకుడి చేతిలో తిరుగుతుంది కాబట్టి. కథ రెండు సంపుటాలకు సరిపోయేదైనా మూడుకు సాగదీయాల్సిందే. ముందు పత్రికలో సీరియల్‌గా వచ్చి తర్వాత పుస్తకమవడం కూడా మామూలే. మన వారపత్రికల సీరియళ్లు చదివి పెరిగినవాళ్లకు ఈ సాగదీత ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడం కష్టం కాదు. ఆలిఫంట్ నవలల్లో చాలావాటికి రెండో సంపుటం మధ్యలో ఆ నీరసం కనిపిస్తుంది. 'సేలం చాపెల్'లో అయితే ఇంకో ఇబ్బంది ఉంది. చిన్న ఊరి చాపెల్‌కు (ప్రభుత్వ చర్చిలో చేరనివాళ్ల ప్రార్థనామందిరం) కొత్తగా వచ్చిన చదువుకున్న యువ పాదిరీ, అతనికి జీతమిచ్చే వెన్న వ్యాపారి టోజర్, ఆ చాపెల్ పెద్దల పెత్తనం, ఇంతవరకు అద్భుతం. అప్పట్లో అమ్ముడుపోయే మిస్టరీ నవలల పద్ధతిలో పాదిరీ చెల్లెల్ని ఎత్తుకుపోయే కథ మధ్యలో దూర్చింది. ఆ భాగం అతకలేదు. అందుకే ఆవిడకు మొదట పేరు తెచ్చిన నవలే అయినా, దాంతో మొదలుపెట్టమని ఎవరికీ చెప్పను.

'హెస్టర్' ముందు చదవమనడానికి కారణం చెబుతాను. రెడ్‌బరో అనే ఊళ్లో వెర్నన్ కుటుంబానికి బ్యాంకు ఉంటుంది. యజమాని జాన్ వెర్నన్ బ్యాంకును ముంచి పారిపోతాడు. తెల్లారితే డిపాజిటర్లు తలుపు దగ్గర బారులు తీరతారు. గుమాస్తా పరుగున జాన్ ఇంటికి వెళ్తాడు. జాన్ భార్యకు ఏమీ తెలియదు. బ్యాంకుకు డబ్బు కావాలంటున్నారని మాత్రం అర్థమై, పాపం తన చేతిలో ఉన్న కాస్త డబ్బు ఇవ్వబోతుంది. అక్కడినుంచి గుమాస్తా కుటుంబంలోని పెళ్లికాని ఆడపడుచు క్యాథరిన్ దగ్గరికి వెళ్తాడు. ఆమె విన్నవెంటనే సంగతి గ్రహిస్తుంది, తన ఆస్తి మొత్తం బ్యాంకులో పెట్టి నిలబెడుతుంది. ఒకే వార్త ఇద్దరు ఆడవాళ్ల ముందుకు వస్తే, ఒకరికి లెక్కలు తెలియవు, ఇంకొకరికి తెలుసు. తేడా తెలివితేటల్లో లేదు, ఎవరికి ఏది నేర్చుకునే వీలిచ్చారన్నదాంట్లో ఉంది. ఈ సంగతిని ఆలిఫంట్ ఎక్కడా ఉపన్యాసంగా చెప్పదు, గుమాస్తా ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి వెళ్లే ఆ సాయంత్రంలోనే చూపించేస్తుంది.

అసలు కథ అక్కడికి చాలా ఏళ్ల తర్వాత. ముసలిదైన క్యాథరిన్ తన పేద బంధువులందరికీ ఒక పెద్ద ఇంట్లో ఉచితంగా వసతి ఇచ్చింది. ఆమె ఇచ్చిన ఇంట్లో ఉంటూ, ఆమె వెనకే ఆమెను ఆడిపోసుకునే ఆ బంధువుల మాటలు చదువుతుంటే రాసిన మనిషికి ఇది ఎంత దగ్గరి అనుభవమో తెలిసిపోతుంది. క్యాథరిన్‌కూ వాళ్ల సంగతి తెలుసు, తెలిసీ పోషిస్తూనే ఉంటుంది. ఆ ఇంటికి జాన్ భార్య, ఇప్పుడు విధవ, పద్నాలుగేళ్ల కూతురు హెస్టర్‌తో వస్తుంది. ఆ పిల్లకు సొంతంగా సంపాదించాలని ఉంటుంది, ఎవరూ సాగనివ్వరు. క్యాథరిన్‌కూ హెస్టర్‌కూ పడదు. పడకపోవడానికి కారణం ఇద్దరూ ఒకే రకం మనుషులు కావడం. నవల పేరుకు ప్రేమకథ, నిజానికి ఈ ఇద్దరి కథ. క్యాథరిన్ కొడుకులా చూసుకున్న ఎడ్వర్డ్ బ్యాంకు సొమ్ముతో ఏం చేశాడన్నది మీరే చదవండి.

నా క్లాసులో ఈ నవల ఇచ్చినప్పుడు ఒక విషయం గమనించాను. బ్రాంటీ నవలల్లో రొమాన్స్‌ను ఇష్టపడిన పిల్లలు ముందు నసుగుతారు. ఇంట్లో అమ్మో అక్కో ఒక్కరే సంపాదిస్తున్న పిల్లలు మాత్రం మొదటి వంద పేజీల్లోనే పట్టేస్తారు. ఒకమ్మాయి తన పేపర్లో, క్యాథరిన్‌కు కావాల్సింది కృతజ్ఞత కాదనీ, తన మాట అర్థం చేసుకోగల ఒక్క మనిషనీ రాసింది. ఈ నవల మీద అంతకంటే మంచి వాక్యం నాకు తెలియదు.

ఇక 'మిస్ మార్చ్‌బ్యాంక్స్'. (ఇంగ్లిష్ అక్షరాల్లో మార్జోరిబ్యాంక్స్ అని కనిపిస్తుంది, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి.) తల్లి పోయిన లూసిలా చదువు ముగించి కార్లింగ్‌ఫర్డ్‌కు తిరిగొస్తుంది. నాన్నగారికి అండగా ఉండటమే తన జీవితాశయమని అందరికీ చెబుతుంది. నాన్నగారైన డాక్టర్‌కు ఏ అండా అక్కర్లేదు, వంటమనిషి నాన్సీతో ఆయన రోజులు హాయిగా వెళ్తున్నాయి. వచ్చిన మర్నాడు పొద్దున ఆయన ఫలహారానికి దిగేసరికి, బల్ల దగ్గర ఆయన ఎప్పుడూ కూర్చునే చోట టీ సరంజామా ముందు పెట్టుకుని కూతురు కూర్చుని ఉంటుంది. ఆయన నోరెత్తకుండా పక్క కుర్చీలో కూర్చుంటాడు. రాజ్యం చేతులు మారిన ఘట్టాన్ని చరిత్రకారులు రాసినంత గంభీరంగా ఆలిఫంట్ ఈ టీ బల్లను రాస్తుంది. అక్కడినుంచి లూసిలా తన మేనిఛాయకు నప్పేలా హాలుకు ఆకుపచ్చ రంగులు ఎంచుతుంది, ప్రతి గురువారం సాయంత్రం ఊరివాళ్లను పిలుస్తుంది, ఊరి మనుషుల్ని కలుపుతుంది, విడదీస్తుంది, ఎన్నికలు కూడా నడిపిస్తుంది. మంత్రి కాగలిగినంత శక్తి ఉన్న మనిషికి ఊళ్లో దొరికిన పని ఇంతే. నవ్విస్తూనే ఆ నష్టాన్ని మనచేత లెక్క కట్టిస్తుంది రచయిత్రి. స్వరం మరీ కటువుగా ఉందని బ్లాక్‌వుడ్ సూచిస్తే, లూసిలా అంటే తనకు మమకారమని చెప్పి ఆవిడ పట్టు వదల్లేదు. ఆ పట్టే ఈ నవలను కాపాడింది. 1969లో విమర్శకురాలు క్యూ.డి. లీవిస్ ముందుమాటతో మళ్లీ అచ్చయ్యాకే విమర్శకులు ఆలిఫంట్ వైపు తిరిగి చూడటం మొదలైంది.

ఈ రెండూ నచ్చితే 'కిర్‌స్టీన్' (1890) చదవండి. తండ్రి కుదిర్చిన ముసలి వరుణ్ని కాదని ఇంట్లోంచి పారిపోయిన స్కాట్లాండ్ అమ్మాయి లండన్‌లో దుస్తులు కుట్టే వృత్తిలో పైకొచ్చి, చివరికి పుట్టింటినే ఆదుకుంటుంది. ఆమె మనసిచ్చినవాడు సైన్యంలో చేరి ఇండియాలో చనిపోతాడు. ఆమె ఇంకెవర్నీ చేసుకోదు. రచయిత్రి దాన్ని శిక్షగా రాయలేదు, ఒక నిండు జీవితంగా రాసింది. 1890 నాటికి అది చిన్న సంగతి కాదు.

దెయ్యం కథల్ని వదలొద్దు. 'ఓపెన్ డోర్' (1882), 'లైబ్రరీ విండో' (1896) చాలు. రెండోదాంట్లో ఒకమ్మాయి ఎదురుగా ఉన్న లైబ్రరీ కిటికీలో ఎడతెగకుండా రాసుకుంటున్న యువకుణ్ని చూస్తుంటుంది. అది అసలు కిటికీయేనా అని పెద్దవాళ్లు వాదించుకుంటారు. ఏకాంతంగా, ఎవరూ కదిలించకుండా రాసుకునే మనిషిని ఆ వయసులో ఆవిడ అలా ఊహించిందంటే, జీవితం తెలిసినవాళ్లకు గుండె పట్టేస్తుంది.

ఒక హెచ్చరిక: ఆవిడను ముందుగానే స్త్రీవాది అని ముద్రవేసి ప్రాజెక్టు మొదలుపెట్టొద్దు. 1856లో వివాహిత స్త్రీల ఆస్తిహక్కుల ఉద్యమాన్ని వ్యతిరేకిస్తూ వ్యాసం రాసింది. 1866లో ఆడవాళ్లకు ఓటు కోరిన అర్జీ మీదా పెదవి విరిచింది. 1896లో థామస్ హార్డీ నవల 'జూడ్' మీద విరుచుకుపడింది. అయితే 1880లో 'ఫ్రేజర్స్' పత్రికలో ఆడవాళ్ల కష్టాల మీద రాసిన వ్యాసంలో స్వరం బాగా మారింది. ఇంటికోసం గొడ్డుచాకిరీ చేసే ఆడవాళ్ల పనికి ఎవరూ విలువ కట్టరన్న కోపం అందులో సూటిగా వినిపిస్తుంది. భార్యకు తన ఆస్తి మీద పూర్తి హక్కునిచ్చిన చట్టం 1882లో వచ్చింది, 'హెస్టర్' మరుసటి ఏడాది. మీ ప్రాజెక్టుకు నేనైతే ఇదే సూచిస్తాను: 1856, 1880 వ్యాసాలను పక్కపక్కన పెట్టి, వాటి వెలుగులో 'హెస్టర్'లో డబ్బు ఎవరి చేతిలో ఉందో, ఎవరికి లెక్కలు చూపిస్తున్నారో గమనించండి. నవలాకారిణి, వ్యాసకర్త రెండు వేర్వేరు మాటలు చెబుతున్న చోట్లే మీ అధ్యాయాలు దొరుకుతాయి.

రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1938లో 'త్రీ గినీస్' అనే పుస్తకంలో, ఆలిఫంట్ పిల్లల చదువుల కోసం తన మేధస్సును అమ్ముకుందని బాధపడింది. మీకు ఎదురైన మాటకు మూలాల్లో అదొకటి. వుల్ఫ్ బాధ నిజాయితీ అయినదే. ఆడవాళ్లకు వేరే సంపాదన దారులు లేకపోవడం మీదే ఆమె కోపం. కానీ ఆ మాట పట్టుకుని పుస్తకాలు తెరవకుండానే తీర్పు చెప్పినవాళ్లు చాలామంది. ఆలిఫంట్ మాట కూడా వినండి: రాయడం తనకు ఆనందం కాబట్టి, మాట్లాడినట్టు, ఊపిరి తీసినట్టు సహజంగా వచ్చింది కాబట్టి రాశానంది, పిల్లల కోసం పనిచెయ్యక తప్పదన్న పెద్ద నిజం పక్కన ఉండగానే.

ఆ మాటలు ఆత్మకథలోవి. దాన్ని చివరికి ఉంచమన్నది ఎందుకంటే, ముందే చదివితే నవలల్ని జాలితో చదవడం మొదలుపెడతాం. వాటికి జాలి అవసరం లేదు. జార్జ్ ఎలియట్ జీవితచరిత్ర 1885లో వచ్చినప్పుడు అది చదివి, తననూ అలా గాజుగదిలో మొక్కలా కాపాడి ఉంటే ఇంతకంటే బాగా రాసేదాన్నా అని ఇందులో తనను తాను ప్రశ్నించుకుంటుంది. జవాబు చెప్పుకోదు. రాత మధ్యలో కొడుకులు పోయారు. ఇప్పుడు ఒంటరిగా మిగిలాను, ఇక రాయలేను అన్న మాటతో పుస్తకం ఆగిపోతుంది.

ఏ ముద్రణ అన్నది ఇక్కడ ముఖ్యం. 1899లో వచ్చినది బంధువు యానీ కోగిల్ సర్దిన పాఠం. ఆలిఫంట్ రాసిన వరస మార్చి, కాలక్రమంలో పెట్టి, మ్యాగీ పోయినప్పటి దుఃఖాన్ని చాలావరకు తీసేశారు. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికేది ఎక్కువగా ఇదే. 1990లో ఎలిజబెత్ జే రాతప్రతి చూసి పూర్తి పాఠం ప్రచురించారు, అది 1864 నాటి ఆ దుఃఖంతోనే మొదలవుతుంది. ప్రాజెక్టులో రెండోదాన్నే వాడండి. మీ కాలేజీలో లేకపోతే యూనివర్సిటీ లైబ్రరీ ద్వారా వేరే లైబ్రరీనుంచి తెప్పించమని ఇప్పుడే అర్జీ పెట్టండి, దానికి టైం పడుతుంది. నవలలకు ఆ ఇబ్బంది లేదు. 'హెస్టర్', 'మిస్ మార్చ్‌బ్యాంక్స్' రెండూ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉన్నాయి. ఈ వారాంతంలో 'హెస్టర్' మొదటి నాలుగైదు అధ్యాయాలు చదివి, గుమాస్తా ఘట్టం మీకెలా అనిపించిందో ఇక్కడే రాయండి. ప్రాజెక్టు అంశం గురించి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.